మొగలాయి దోవపుస్తకం

ద్రోణాచలం రైలు కూడలి ఎదుట ఉన్న తన అంగడిలో రామకోటయ్య బెల్లం, చింతపండు, కిరసనాయిలుతో పాటు ఒక పుస్తకం కూడా అమ్మేవాడు. అది ఆయన స్వయంగా రాసి అచ్చువేయించిన పుస్తకం.

కర్నూలు దగ్గర తుంగభద్ర దాటితే నిజాం రాజ్యం. ఈ సీమవాళ్లు దాన్ని మొగలాయి అనేవాళ్లు. ఏటి నీళ్లు రెండు గట్లకూ ఒకటే అయినా అవతల నాణెం వేరు, నెలల పేర్లు వేరు, కచేరీలో మాట వేరు. ఏటిమీద రైలు వంతెన పడిన తర్వాత జనం పుట్టి ఎక్కి ఏరు దాటడం మాని, రైలెక్కి పరాయి రాజ్యంలో దిగడం మొదలుపెట్టారు. దిగినవాళ్లలో సగంమంది ఏదో ఒక చోట మోసపోయి తిరిగొచ్చి, రామకోటయ్య అంగడి ముందే కూర్చుని ఆ కథలు చెప్పుకునేవాళ్లు. ఊళ్లో ఏది కొరతగా ఉంటే అదే సరుకు అనేది రామకోటయ్య నమ్మకం. ఇక్కడ కొరతగా ఉన్నది తెలివి. అందుకని అంగడి భార్య సుందరలక్ష్మికి అప్పగించి, వేసవులన్నీ ఏటి అవతల తిరిగి, తెలివిని పొట్లం కట్టి తెచ్చాడు.

పచారీ సరుకు కొనేటప్పుడు ఎట్లా నోట్లో వేసుకుని చూస్తాడో, పుస్తకం విషయంలోనూ అట్లాగే చేశాడు. తాను తినని కూడు గురించి, తాను పడుకోని అరుగు గురించి ఒక్క అక్షరం రాయలేదు. 'ప్రతి చోటును స్వయముగా చూచి వ్రాసినది' అని అట్టమీద పెద్ద అక్షరాలతో వేయించాడు. మొదటి అచ్చు ప్రతులన్నీ చెల్లిపోయి, రెండో అచ్చుకు కర్నూలు ప్రెస్సువాళ్లు తొందరపెడుతున్న రోజుల్లో బేతంచెర్ల నుంచి విశ్వాసమ్మ వచ్చింది.

ఆమె అక్కడి చర్చిలో వాక్యం చదివి చెప్పే మనిషి. మిషను బడిలో నేర్చిన చదువు, ఎండకు నల్లబడిన ముఖం, చంకలో గుడ్డసంచి. అంగడి మెట్లెక్కకుండా కిందనే ఎండలో నిలబడి, సంచిలో నుంచి పుస్తకం తీసింది.

"శెట్టప్పా, ఇది రాసింది నువ్వేనా?"

"నేనేమ్మా. ఇంకోటి కావల్నా?"

"ఇదే తప్పుగా ఉండాది. ఇంకోటి తీసుకోని ఏం జేసుకోను?"

రామకోటయ్య తక్కెడ దించాడు. ఆయన సరుకులో రాళ్లున్నాయని అన్నవాళ్లున్నారు గానీ, పుస్తకంలో తప్పుందని అన్నవాళ్లు లేరు. ఎక్కడో చూపించమన్నాడు. ఆమె మడతపెట్టిన పేజీ తెరిచి, చర్చిలో చదివినట్టే గట్టిగా, నిదానంగా చదివింది. రంగవరం స్టేషను బయట సత్రమున్నది, గదులు గాలీ వెలుతురూ కలవి, కావలివాడు ఉరుకుందు మర్యాదస్థుడు, రాత్రి పడకకు ఏమాత్రము ఇబ్బంది లేదు.

తరువాత తన కథ చెప్పింది. కిందటి నెల ఇద్దరు ఆడవాళ్లను వెంటబెట్టుకుని, ఈ పేజీని నమ్ముకుని రంగవరంలో దిగింది. ఆ మర్యాదస్థుడు ఒకటే ప్రశ్న అడిగాడు. జవాబు విని తలుపు వేశాడు. స్టేషను పక్కన కంకరకుప్ప మీద పడుకుంటే వాన కురిసింది. కంకర మీద పడుకున్న మనిషికి వీపు మీద ఎన్ని మచ్చలు పడతాయో కూడా ఆమె చెప్పబోతే, బెల్లం కొనడానికి వచ్చినవాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు. ఆమె కూడా నవ్వింది.

"నేనాడ శానాసార్లు పండుకున్నానమ్మా. అబద్ధం రాయలేదు" అన్నాడు రామకోటయ్య.

"నువ్వు పండుకుంటివి, మేము పండుకోలేదు. ఎవురికి తలుపు తీస్తారో అది గూడా ఒక ముక్క రాసింటే, మా దోవ మేము చూసుకుందుము గదా."

రామకోటయ్య పుస్తకం వాపసు తీసుకుంటానన్నాడు. ఆమె ఇవ్వనంది. వచ్చే నెల రంగవరానికి అవతల, బండిదారిలో ఉన్న మిషను ఊళ్లో పెద్ద ప్రార్థన కూడిక ఉంది. చుట్టుపక్కల పల్లెల నుంచి చంటిపిల్లల తల్లులు, ముసలివాళ్లు అందరూ పోతారు. రైలు దీపాల వేళకు దింపుతుంది, బండ్లు పొద్దున గానీ కట్టరు. ఆ ఒక్క రాత్రి వాళ్లను ఎక్కడ పడుకోబెట్టాలో ఆమెకు తెలియాలి. తప్పుదైనా ఒప్పుదైనా ఆ దోవకు ఉన్నది ఈ పుస్తకమొక్కటే. ఎల్లుండి తమ్ముడు లేవితో కలిసి ముందుగా పోయి చూసుకుని వస్తానని చెప్పి, పుస్తకం సంచిలో పెట్టుకుంది.

ఆమె పోయిన తర్వాత రామకోటయ్య మనసులో లెక్క వేసుకున్నాడు. తన పుస్తకం నిజానికి కొన్నదెవరు? తోటి శెట్లు అరుగు మీద కూర్చుని, అందులో ఉన్నదంతా నోటితో చెప్పించుకుని లేచిపోయేవాళ్లు. రెడ్లు ఎవరితోనో చదివించుకునేవాళ్లు. డబ్బిచ్చి చేత్తో పట్టుకుని పోయింది ఎక్కువగా మిషను బడుల్లో చదువుకున్నవాళ్లే. అంటే ఎవరైతే కొన్నారో వాళ్లకే ఆ సరుకు పనికిరాలేదు. తూకంరాయి అరిగిందని తెలియక అమ్మినవాణ్ణి బజారు క్షమిస్తుంది. తెలిసిన తర్వాత కూడా అదే రాయి తక్కెడలో వేసేవాణ్ణి క్షమించదు. ఆ అట్టమీది మాట నిలబడాలంటే ఈ ప్రయాణం మళ్లీ చేయవలసిందే, ఈసారి తన ముఖం లేకుండా.

ఆ ఎల్లుండి పొద్దున విశ్వాసమ్మ, లేవి బేతంచెర్ల రైలు దిగి కర్నూలు రైలుకు మారేసరికి, రామకోటయ్య అటుకుల మూటతో ఆ రైలు పెట్టెలో కూర్చుని ఉన్నాడు.

లేవి రాతి గనుల్లో బండలు కొట్టే మనిషి. మాట తక్కువ, ఆకలి ఎక్కువ. రైలు కదలగానే జొన్నరొట్టె, ఊరిబిండి పచ్చడి తీశాడు. వేయించిన శెనగవిత్తనాల వాసన పెట్టె నిండా పరుచుకుంది. రామకోటయ్య తన అటుకులను తాను నములుతూ కిటికీలోంచి చూడసాగాడు. ఆయన ఇంటి కూడు తప్ప, తన వాళ్ల చేతి కూడు తప్ప, ఇంకెక్కడా ముట్టినవాడు కాదు.

"శెట్టప్పా, తినని కూడు గురించి నువ్వు రాయవంట గదా. మా ఊరిబిండి సంగతి ఎట్ల రాస్తావు?" అన్నాడు లేవి.

"అది స్టేషన్లలో అమ్మరు లేప్పా" అని తప్పించుకున్నాడు రామకోటయ్య. విశ్వాసమ్మ నవ్వుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

వంతెన దాటిన తర్వాత మూటలు తనిఖీ చేసే జవాను ఎక్కాడు. రామకోటయ్య మూటకేసి చూసి, 'సేఠ్‌జీ' అని పలకరించి, ముట్టకుండానే ముందుకు నడిచాడు. లేవి మూటను మాత్రం బల్లమీద గుమ్మరించి, దుప్పటి మడతలు విప్పి, మిగిలిన రొట్టెను కూడా తుంచి చూశాడు. రామకోటయ్య పుస్తకంలో ఆ చోట, 'తనిఖీ నామమాత్రము' అని ఉంది. ఆయన చెవి వెనక నుంచి పెన్సిలు తీసి ఆ మాటలు కొట్టేశాడు. కొట్టేసిన చోట ఏం రాయాలో వెంటనే తోచలేదు. తుంచిన రొట్టె ముక్కలను లేవి ఏరుకుంటూ ఉంటే, విశ్వాసమ్మ దుప్పటి ఒక కొన పట్టుకుని మళ్లీ మడిచింది. ఇద్దరికీ అది అలవాటైన పనిలాగా సాగిపోయింది.

దీపాల వేళకు రంగవరం వచ్చింది. దిగగానే రామకోటయ్య తుండుగుడ్డ తలమీంచి ముఖం చుట్టూ కట్టుకుని, లేవి మూట అడిగి తలకెత్తుకున్నాడు. ఆ సత్రం కట్టించినవాడు మరెవరో కాదు, సుందరలక్ష్మికి స్వయానా అన్న, రామకోటయ్యకు బావ అయిన సుబ్బన్న. రంగవరంలో నూనెమిల్లు పెట్టి స్థిరపడ్డాడు. తండ్రి పేర సత్రం నడుపుతున్నాడు. రెండో అచ్చు పుస్తకాలను ఏటి అవతలి అంగళ్లన్నిట్లో పెట్టించే పూచీ కూడా ఆయనదే. ఉరుకుందుకు రామకోటయ్య ముఖం బాగా తెలుసు. చూస్తే చాలు, కాళ్లకు నీళ్లు తెస్తాడు.

తలుపు కొట్టింది విశ్వాసమ్మ. ఉరుకుందు లాంతరెత్తి చూశాడు. కిందటి నెల వచ్చిన మనిషని గుర్తుపట్టలేదు.

"ఏ ఊరు?"

"బేతంచెర్ల."

"ఎవురోళ్లు?"

"ఏసుప్రభువు బిడ్డలం."

"అది అడగలా. అంతకుముందు ఎవురోళ్లు?"

విశ్వాసమ్మ బదులు చెప్పలేదు. ఉరుకుందుకు అదే బదులైంది. అతను కసిరింది లేదు, తిట్టింది లేదు. పొద్దుపోయింది జాగ్రత్తగా పోండమ్మా అని కూడా అన్నాడు. నిజంగానే మర్యాదస్థుడు. తరువాత తలుపు మూసి అడ్డగడియ వేశాడు.

తుండుగుడ్డ విప్పితే చాలు, ఆ గడియ పడినంత త్వరగానే లేచేది. రామకోటయ్య చెయ్యి ముడి దాకా పోయింది కూడా. లోపల చల్లటి నాపరాతి నేల, గోడల్లో దీపపు గూళ్లు, ఉదయం పూట వేడినీళ్లు అన్నీ ఆయనకు తెలుసు, అన్నీ రాశాడు. విప్పి లోపలికి పోతే చూసిన సరుకే మళ్లీ చూసినట్టవుతుంది. చెయ్యి దించాడు. ఆ తలుపు వెలుపలి ముఖాన్ని ఆయన అప్పుడే మొదటిసారి చూశాడు. సున్నం కూడా వేయలేదు.

"ఏం శెట్టప్పా, రాసుకున్యావా?" అంది విశ్వాసమ్మ.

"నడుమ్మా, యాడన్నా చోటు చూద్దాం" అన్నాడాయన.

చోటు దస్తగిరి సాబు బండ్ల అడ్డాలో దొరికింది. సాబు ముసలివాడు. ఎద్దులకు మేత వేస్తూ, ఏ ఊరని గానీ ఎవరని గానీ అడగకుండా, గడ్డి వామి చూపించాడు. అడగవేమని రామకోటయ్య ఉండబట్టలేక అడిగితే, ఎద్దులకు లేని పట్టింపు తనకెందుకన్నాడు. బావి ఎటుందో, గిలక ఏ పక్కకు తిప్పాలో చెప్పి నమాజుకు పోయాడు.

తెల్లవారి రామకోటయ్య ఒళ్లంతా గోక్కుంటూ లేచి, పెన్సిలు తీసి రాసుకున్నాడు. దస్తగిరి అడ్డా, పడకకు వరిగడ్డి, గోమార్లు కలవు, బావినీరు మంచిది, ఎవరినీ కాదనరు. లేవి, విశ్వాసమ్మ మిషను ఊరికి పోయే బండి ఎక్కారు. ఆమె ముఖం తేటగా ఉంది. తన జనానికి చోటు దొరికినట్టే. రామకోటయ్య మాత్రం బావ ఇంటికి నడిచాడు. బావ సత్రం గురించి రాసేది బావకు ముందుగా చెప్పకపోవడం వ్యాపార ధర్మం కాదు.

సుబ్బన్న మంచిమనిషి, భారీ మనిషి. రామకోటయ్య జుట్టులో నుంచి గడ్డిపరకలు తీస్తూనే సంగతంతా విన్నాడు. వినేకొద్దీ పరకలు తీయడం నిదానమైంది.

"నా సత్రం పేరు పాడు చేస్తావా బావా?"

"నీ సత్రం మంచిదనే రాస్తాండా. గదులు మంచివి, ఉరుకుందు మంచోడు. తలుపు ఎవురికి తీస్తారో, ఎవురికి తీయరో అది గూడా రాస్తాండా. అంతే."

"మొగలాయిలో ఎన్ని సత్రాలుండాయి? అన్నీ ఇంతే గదా."

"అన్నిటికీ రాస్తా. నీకొక్కనికే రాస్తే అన్యాయం."

సుబ్బన్నకు కోపం రావాలి. కోపానికి బదులు నవ్వొచ్చింది. ఆ నవ్వు రామకోటయ్యకు కోపం కన్నా చేటుగా తోచింది.

"గురిగింజ తన నలుపు తనెరగదంట. నీ పుస్తకం ద్రోణాచలం కాణ్ణించే గదా మొదలయ్యేది? ముందు నీ అంగడి సంగతి రాయి. ఆ పేజీ రాసినాక నా పేజీ రాయి. నేనేమీ అనుకోను. పుస్తకాలు గూడా అంగళ్లలో నేనే పెట్టిస్తా. మాటంటే మాటే."

రామకోటయ్య బేరంలో చిక్కిన మనిషిలాగా తల గోక్కున్నాడు. ఈసారి గోమార్ల వల్ల కాదు.

ఇంటికి వచ్చి రెండు రోజులు ఆయన అరుగు మీద కూర్చుని పుస్తకమంతా దిద్దాడు. హైదరాబాదు వైపు నుంచి మొదలుపెట్టి వెనక్కి వస్తూ, ఒక్కో స్టేషనూ, ఒక్కో సత్రమూ, ఒక్కో బావీ తలుచుకుని, ఎవరికి తెరుస్తారు, ఎవరికి తెరవరు అని చేర్చుకుంటూ పోయాడు. తెలియని చోట 'తెలియదు' అని నిజాయితీగా రాశాడు. రంగవరం అయిపోయింది, ఏరు దాటింది, కర్నూలు అయిపోయింది. చివరికి ద్రోణాచలం పేజీ మిగిలింది. 'రామకోటయ్య అంగడి వద్ద బాటసారులకు తియ్యని మంచినీళ్లు ఉచితముగా ఇవ్వబడును' అని అక్కడ ఉంది. ఆ వాక్యం దగ్గర పెన్సిలు ఆగిపోయింది.

ఆ నీళ్లు ఎట్లా ఇస్తారో ఆయనకు కొత్తగా తెలియవలసింది కాదు. కొందరికి ఇత్తడి చెంబు చేతికిస్తారు. కొందరు మెట్ల కింద వంగి దోసిలి పడితే పైనుంచి పోస్తారు. రోజూ జరిగేదే. కంటి ముందే ఉన్నా కంటబడలేదు.

సుందరలక్ష్మి చింతపండు పిక్క తీస్తూ విషయం విన్నది. అన్న సత్రం గురించి రాసేది నిజమే కాబట్టి రాయమంది. ఇంటి చెంబు సంగతి మాత్రం రాయొద్దంది.

"రాయకపోతే మీ అన్న నవ్వుతాడు."

"రాస్తే ఊరు నవ్వుతాది."

"మరి రెండిట్లో ఏది నష్టం?"

ఆమె కత్తిపీట మీద చెయ్యి ఆపి ఆలోచించింది. ఊరి నవ్వు నాలుగు రోజుల్లో చల్లారుతుంది. అన్న నవ్వు అట్లా కాదు. ప్రతి పండక్కీ, ప్రతి పెళ్లికీ ఎదురుపడుతుంది. చిన్నప్పటి నుంచి ఆ నవ్వును భరించి ఆమె విసిగిపోయింది. లేచి చేతులు కడుక్కుని, నీళ్లకుండను లోపలి నుంచి తెచ్చి అరుగు అంచున పీట మీద పెట్టింది. దానిమీద మూత, మూత మీద ఇత్తడి చెంబు బోర్లించింది.

"ఎవురికి కావల్నో వాళ్లే ముంచుకోని తాగుతారు. మాయన్నకు రాయి, మా అంగట్లో కాదనడం లేదని" అని లోపలికి పోయింది.

రామకోటయ్య పెన్సిలెత్తాడు, మళ్లీ దించాడు. కుండ పెట్టడం చూశాడు గానీ, ఎవరైనా తాగడం చూడలేదు. చూడనిది ఎట్లా రాస్తాడు? బజారులో పోయేవాళ్లు కుండను చూసి, రామకోటయ్యను చూసి, ఎవరో చచ్చిపోయి చలివేంద్రం పెట్టారేమో అన్నట్టు తలలు ఆడించి పోతున్నారు. దోసిలి పట్టడం అలవాటైనవాళ్లు దగ్గరికి వచ్చి కూడా, ఆ చెంబు ఎవరో మరిచిపోయి పెట్టారనుకుని వెనక్కి తగ్గారు. కర్నూలు ప్రెస్సుకు పేజీలు పట్టుకుపోయే రైలు ఆ పూటే.

అంతలో రంగవరం వైపు నుంచి వచ్చిన రైలు దిగి లేవి, విశ్వాసమ్మ వచ్చారు. బేతంచెర్ల రైలుకు ఇంకా పొద్దుంది. కూడికకు అంతా కుదిరిందని, దస్తగిరి సాబు మరో గడ్డివామి కూడా ఖాళీ చేస్తానన్నాడని ఆమె సంతోషంగా చెప్పుకుపోతుంటే, రామకోటయ్య మధ్యలోనే అందుకున్నాడు.

"విశ్వాసమ్మా, కొంచెం నీళ్లు తాగుతావా?"

"నాకిప్పుడు దప్పి లేదు శెట్టప్పా."

"కొంచెమన్నా."

ఆమె కుండను చూసింది, చెంబును చూసింది, చెవి వెనక పెన్సిలును చూసింది. ఆమెకు సంగతి తెలిసిపోయింది.

"దప్పి నీ పుస్తకానికా, నాకా?" అని, అరుగు పక్కన నీడలో కూర్చుని తమ్ముడితో కూడిక మాటల్లో పడింది. రామకోటయ్య ఆశగా లేవి వైపు చూశాడు. లేవి అక్క ముఖం చూసి, తనకూ దప్పి లేదన్నాడు. గంటలు కొట్టుకుంటూ గూడ్సు బండి ఒకటి వచ్చిపోయింది. ఎదురంగడి వాళ్లు పని మాని ఇటే చూస్తున్నారు. గిరాకీ కోసం ఇంత ఓర్పుగా రామకోటయ్య ఎన్నడూ కూర్చున్నవాడు కాదు.

ఎండ మెట్ల మీదికి ఎక్కిన తర్వాత, తనకు తోచినప్పుడు, విశ్వాసమ్మ లేచి కుండ దగ్గరికి వచ్చింది. వచ్చి అలవాటు చొప్పున మెట్టు కింద ఆగి, నడుము వంచి, దోసిలి పట్టింది. రామకోటయ్య కూడా అలవాటు చొప్పున చెంబు ముంచి, పైకెత్తి, వంచబోయాడు. ఇద్దరూ ఒకేసారి ఆగిపోయారు. ఆమె దోసిలి విడిచింది. ఆయన చెంబు ముందుకు చాచాడు. ఆమె మెట్టెక్కి అందుకుని, పెదవులానించి, నిదానంగా తాగింది. బజారు బజారంతా ఆ గుటకలు లెక్కపెడుతున్నట్టు చూసింది. చెంబు దించి మూతి తుడుచుకుంది.

"నీళ్లు ఉప్పగా ఉండాయి శెట్టప్పా. తియ్యని నీళ్లని రాసినావు. అది గూడా దిద్దు."

రామకోటయ్యకు పౌరుషం వచ్చింది. పుట్టినప్పటి నుంచీ తాగుతున్న బావి. ఉప్పగా ఎట్లా ఉంటుంది? ఆమె చేతిలోని చెంబు లాక్కుని, అడుగున మిగిలిన నీళ్లను తానే పెదవులానించి తాగాడు. నాలుక మీద అటూ ఇటూ తిప్పి చూశాడు. కొత్త సరుకు రుచి చూసినట్టు కళ్లు చిట్లించాడు. దస్తగిరి సాబు బావి నీళ్లు గుర్తొచ్చాయి. వాటి పక్కన పెడితే ఇవి ఉప్పనే.

ఎదురంగట్లో ఎవరో గట్టిగా దగ్గారు. అప్పుడు గానీ తాను తాగింది ఏ చెంబుతోనో ఆయనకు తట్టలేదు. గడప దగ్గర సుందరలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. గుటక అప్పటికే దిగిపోయింది. దిగిన గుటకను ఎంత గట్టి బేరగాడైనా వాపసు తీసుకోలేడు.

ఆయన చెంబును కుండ మీద బోర్లించి, అరుగు మీద కూర్చుని, ద్రోణాచలం పేజీ తీశాడు. 'అడిగిన వారందరును ఒకే చెంబుతో త్రాగవచ్చును' అని రాశాడు. 'తియ్యని' అన్న మాట కొట్టేసి, 'నీళ్లు కొంచెము ఉప్పన' అని చేర్చాడు.

విశ్వాసమ్మ ఆయన భుజం మీదుగా వంగి చదివింది.

"కొంచెమా?" అంది.

రామకోటయ్య ఆ మాట కూడా కొట్టేశాడు.